గాలి ఆగింది, చేతులు మాత్రం తలుపు వదలలేదు

ప్రశ్న: నా వయసు 31. విశాఖ ఎంవీపీ కాలనీలో మావారు, పాపతో ఉంటాను, ఒక ప్రైవేటు కళాశాలలో పాఠాలు చెబుతాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నాను. ఆ రోజు పొద్దుటి నుంచి మా ఇంటికి ఉత్తరం వైపున్న బాల్కనీ తలుపు ఊడిపోకుండా నాన్నా నేనూ దానికి మంచం అడ్డం పెట్టి, రెండు చేతులూ ఆనించి నిలబడ్డాం. మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. "అయిపోయింది నాన్నా" అని ముందుగా అన్నది నేనే. ఆ మాట మీద ఆయన టీ పెడతానని వంటింట్లోకి వెళ్లారు. కాసేపటికి దక్షిణం నుంచి గాలి విరుచుకుపడి, వంటింటి తలుపు చట్రంతో సహా ఊడి ఆయన మీద పడింది. భుజం ఎముక విరిగింది. దారి పొడుగునా చెట్లు పడి ఉండటంతో మర్నాటి దాకా ఆసుపత్రికి తీసుకెళ్లలేకపోయాం. ఆ చెయ్యి మళ్లీ పూర్తిగా పైకి లేవలేదు. 2019లో వేరే జబ్బుతో ఆయన పోయారు. ఆ తర్వాతే నాకు ఈ బాధ మొదలైంది.

తలుపు గాలికి కొట్టుకుంటే అరచేతులు చెమర్చుతాయి, భుజాలు బిగుసుకుపోతాయి. నిద్రలో పళ్లు కొరకడం వల్ల పొద్దున లేచేసరికి దవడ నొప్పి. విచిత్రమేమిటంటే, అంతా సద్దుమణిగినప్పుడే భయం ఎక్కువవుతుంది. యోగా తరగతిలో శవాసనం వేయిస్తే ఊపిరాడక బయటికి వచ్చేశాను. గుండె, థైరాయిడ్ పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి. ఆరుసార్లు కౌన్సెలింగుకు వెళ్లాను. "అయిపోయిందమ్మా, ఇప్పుడు మీకేం భయం లేదు" అంటారు ఆ కౌన్సెలరు. వచ్చిన ప్రతిసారీ రెండు రోజులు మంచం దిగలేను. సైకియాట్రిస్టు రాసిన మాత్ర వేసుకుంటున్నాను. ఇప్పుడు ఒకరు, ట్రామా, అంటే భయానక అనుభవం మిగిల్చిన గాయం, ఒంట్లో దాక్కుంటుందని, రెండు రోజుల శిబిరంలో దాన్ని బయటికి పంపేస్తామని, మాత్రలు మానేసి రమ్మని అంటున్నారు. రుసుము పాతికవేలు. పదకొండేళ్ల కిందటి గాలికి ఇప్పుడు భయమేమిటని మావారు, దడుపు తీయించాలి, సింహాచలం పోదాం రమ్మని అమ్మ. ఒంటి ద్వారా మనసుకు చికిత్స చేయడమనేది నిజంగా ఉందా?

సమాధానం: అమ్మా, మీరు విచిత్రమని రాసిన సంగతి దగ్గరే ఈ బాధకు మొదలు ఉందని నాకు అనిపిస్తోంది. తుఫాను అంటే ఒక దిక్కు నుంచి వీచి ఆగిపోయే గాలి కాదు. నడుమనున్న కన్ను చుట్టూ తిరిగే గాలి. మన తీరంలో అది గడియారపు ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది కాబట్టి, తూర్పు నుంచి వచ్చే తుఫాను కన్ను నేరుగా మన నెత్తి మీదుగా దాటితే ముందు ఉత్తరపు గాలి, తర్వాత కాసేపు నిశ్శబ్దం, ఆపైన దక్షిణపు గాలి తప్పవు. హుద్‌హుద్ కన్ను ఆ మధ్యాహ్నం విశాఖ మీదుగానే దాటింది. నేనూ ఆ రోజు ఈ ఊళ్లోనే ఉన్నాను. గాలి ఆగగానే వీధిలోకి వచ్చి కూలిన చెట్లు చూస్తూ నిలబడ్డవాళ్లలో నేనూ ఉన్నాను. రెండో విడత గాలి అందుకునేలోపు తిరిగి గుమ్మంలోకి చేరడం నా తెలివేమీ కాదు.

ఆ పూట మీ ఒళ్లు నేర్చుకున్న పాఠం ఏమిటో చూడండి. గాలి హోరెత్తినంతసేపు మీ చేతులు తలుపు మీద ఉన్నాయి, నాన్న పక్కనే ఉన్నారు, ఎవరికీ ఏమీ కాలేదు. చప్పుడు ఆగాక, చేతులు వదిలాక, "అయిపోయింది" అన్నాక దెబ్బ తగిలింది. చాలామందికి భయం చప్పుడుకు ముడిపడితే, మీకు అది నిశ్శబ్దానికి ముడిపడింది. సేదతీరడమే మీ ఒంటి లెక్కలో ప్రమాద సూచన అయి కూర్చుంది. తుఫాను దగ్గరపడితే పోర్టులో పదో నంబరు హెచ్చరిక ఎగరేస్తారు, గండం గడిచాక దించేస్తారు. మీ ఒంట్లో దాన్ని ఒకసారి తొందరపడి దించినందుకు పెద్ద మూల్యం చెల్లించాల్సి వచ్చింది కాబట్టి, ఇంకెప్పుడూ దించకూడదని అది పట్టుబట్టి ఉంది. శవాసనంలో మీకు ఊపిరాడకపోవడానికి నాకు కనిపిస్తున్న కారణం ఇదే. మీ కౌన్సెలరు మంచి మనసుతోనే "అయిపోయిందమ్మా" అంటున్నా మీరు రెండు రోజులు మంచం పట్టడానికీ ఇదే కారణం కావచ్చు. ఆ మాట మీరు నాన్నతో అన్న మాట. ఈ సంగతి ఆవిడకు చెప్పారో లేదో నాకు తెలియదు. చెప్పకపోతే, వచ్చేసారి కూర్చోగానే మొదట అదే చెప్పండి, ఆ మాట వాడవద్దని అడగండి.

ఇక మీ అసలు ప్రశ్న. ఒంటి ద్వారా మనసుకు చికిత్స అనేది ఉంది. భయానికీ ఒంటికీ ఉన్న సంబంధం మన పెద్దవాళ్లకు తెలియనిది కాదు. కాళ్లు చల్లబడ్డాయి, ఒళ్లు జలదరించింది, నోట మాట రాలేదు, పై ప్రాణాలు పైనే పోయాయి అని వాళ్లు చెప్పిన భయాలన్నీ ఒంటి మాటల్లోనే ఉన్నాయి. మీ అమ్మగారు అంటున్న దడుపు కూడా ఒంటికి పట్టుకున్న భయానికి పేరే. మెదడు లోపల బాదం గింజంత ఉండే అమిగ్డలా అనే భాగం, ఆలోచించే పై మెదడు సంగతి తెలుసుకునేలోపే హెచ్చరిక పంపుతుంది. మూత్రపిండాల మీద కూర్చున్న గ్రంథులు ఎడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, రక్తం పొట్ట నుంచి చేతులకూ కాళ్లకూ మళ్లుతుంది, అరచేతులు చెమర్చుతాయి. ఎదుర్కోవడానికో, పారిపోవడానికో, రెండూ కుదరకపోతే కట్టెలా బిగుసుకుపోవడానికో ఒళ్లు ఈ ఏర్పాటు చేసుకుంటుంది. గండం గడిస్తే ఆ ఏర్పాటు సర్దుకోవాలి. కొందరిలో సర్దుకోదు.

అయితే ఆ శిబిరంవారు చెబుతున్నట్టు ట్రామా ఎక్కడో కండరంలో చీములా దాక్కుని ఉండదు, పిండితే బయటికి వచ్చేది అసలే కాదు. మీ భుజాల్లో 2014 నాటి పదార్థమేదీ నిలవ లేదు. ఉన్నదల్లా ఒక అలవాటు: గాలి సవ్వడి వినగానే నాడీమండలం మీ చేతులను మళ్లీ తలుపు నొక్కడానికి సిద్ధం చేస్తోంది, నొక్కడానికి తలుపు లేదు కాబట్టి ఆ బిగువు భుజాల్లోనూ దవడలోనూ అలాగే ఉండిపోతోంది. ఈ తేడా మాటల పట్టింపు కాదమ్మా. నిలవ ఉన్నదాన్ని తోసివేయాలనుకునేవాడు మిమ్మల్ని కేకలు పెట్టిస్తాడు, వణికిస్తాడు, ఏడిపిస్తాడు. అలవాటును మార్చాలనుకునేవాడు నెమ్మదిగా, పదేపదే, మీరు తట్టుకోగలిగినంతే చేయిస్తాడు. ఎవరి దగ్గరికి వెళ్లాలో తేల్చుకోవడానికి నేను చూసే మొదటి గుర్తు ఇదే.

తప్పు గురించి కూడా రెండు మాటలు. మీరు వదిలింది ఉత్తరం వైపు తలుపు, ఊడింది దక్షిణం వైపు తలుపు. మీరు ఆ బాల్కనీ దగ్గరే సాయంత్రం దాకా నిలబడినా వంటింటి తలుపు నిలిచేది కాదు. పోనీ నాన్నా మీరూ ఇద్దరూ వంటింటి తలుపు దగ్గరే ఉన్నారనుకుందాం. తీరం దాటే వేళ ఆ గాలి వేగం గంటకు సుమారు 180 కిలోమీటర్లు. అంత గాలి రెండు చదరపు మీటర్ల తలుపుకు ఎదురుగా తగిలితే, ఆ తాకిడి దాదాపు 300 కిలోల బరువు మోపినంత ఉంటుంది. ఇద్దరు మనుషులు చేతులతో ఆపగలిగేది కాదు. ఈ లెక్క మీకు తెలియనిదేమీ కాకపోవచ్చు, తప్పు మీది కాదని ఇప్పటికే పదిమంది చెప్పి ఉంటారు, తలతో మీరు ఒప్పుకునే ఉంటారు. కానీ లెక్కలు అరచేతులకు అర్థం కావు. మాటలతో సాగే చికిత్స కొందరి దగ్గర ఒక గీత దాటి ముందుకు పోలేకపోవడానికి కారణం ఇది, శరీరాన్ని చికిత్సలోకి తేవాలన్న ఆలోచన పుట్టిందీ ఇక్కడే.

ఆ ఆలోచన కొత్తదేమీ కాదు. ఫ్రెంచి వైద్యుడు పియెర్ జానే 19వ శతాబ్దం చివరి నుంచే, భయంకరమైన అనుభవంలో చిక్కుకున్నవాళ్లు ఆనాడు పూర్తిచేయలేకపోయిన పని దగ్గరే ఆగిపోతున్నారని గమనించాడు. భయంకరమైన అనుభవం తర్వాత వదలకుండా వేధించే ఇలాంటి బాధకు వైద్య పుస్తకాల్లో పీటీఎస్‌డీ అనే పేరు కుదురుకున్నది మాత్రం 1980లో, అమెరికా మానసిక వైద్యుల సంఘం తన జబ్బుల జాబితాలో దాన్ని చేర్చినప్పుడు. 1970ల నుంచి పీటర్ లెవీన్ రూపొందిస్తూ వచ్చిన సొమాటిక్ ఎక్స్‌పీరియెన్సింగ్, పాట్ ఆగ్డెన్ తీర్చిదిద్దిన సెన్సరీమోటర్ సైకోథెరపీ ఈ దారిలో ఎక్కువగా వినిపించే పేర్లు.

వీటికి రుజువు ఎంత ఉందంటే, ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పీటీఎస్‌డీకి పేరు పెట్టి సిఫారసు చేసినవాటిలో ముఖ్యమైనవి, ట్రామా మీదే దృష్టి పెట్టి, ఆలోచనలనూ ప్రవర్తననూ మార్చే సీబీటీ అనే మాటల చికిత్స, కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ జ్ఞాపకాన్ని కొంచెం కొంచెంగా తాకే ఈఎండీఆర్. శరీర కేంద్రిత పద్ధతుల మీద పరిశోధన వీటితో పోలిస్తే తక్కువ, ఉన్నవి కూడా చిన్నవి. ఇజ్రాయెల్‌లో 63 మందితో చేసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, పదిహేను వారాల సొమాటిక్ ఎక్స్‌పీరియెన్సింగ్ తీసుకున్నవాళ్లకు, ఇంకా వరుసలో వేచి ఉన్నవాళ్లకంటే చెప్పుకోదగ్గ మేలు జరిగింది. మనకు దగ్గరి సంగతి ఇంకొకటి ఉంది. 2004 డిసెంబరు సునామీ తర్వాత తమిళనాడు తీరంలో సుమారు 150 మంది బాధితులకు ఇలాంటి ఒంటి చికిత్స ఇచ్చారు, అదీ ఒక్కొక్కరికి గంటంపావు సేపే. ఎనిమిది నెలల తర్వాత అడిగితే ఎక్కువమంది తేరుకున్నామన్నారు. వినడానికి ఎంతో బాగుంది. కానీ చికిత్స అందనివాళ్లను పక్కన పెట్టి పోల్చి చూడలేదు కాబట్టి, అందులో చికిత్స వంతు ఎంత, కాలం వంతు ఎంత అన్నది విడదీయలేం. అందుకే నా సలహా, ఈ పద్ధతిని సీబీటీకో ఈఎండీఆర్‌కో బదులుగా కాక, వాటికి తోడుగా తీసుకోమని. మీలాగా మాట మొదలుపెట్టగానే మంచం పట్టేవాళ్లకు ఇది ముందు మెట్టుగా బాగా పనికొస్తుందని నా అనుభవం.

ఈ ఒంటి చికిత్స చేసే గదిలో ఏం జరుగుతుందో తెలిస్తే మీకు బెరుకు తగ్గుతుంది. మొదటి రెండు మూడు కూర్చోవడాల్లో తుఫాను ప్రసక్తే రాకపోవచ్చు. ఎక్కడ కూర్చుంటే సౌకర్యంగా ఉంటుందో, తలుపు మీకు కనిపించేలా ఉండాలో లేదో మిమ్మల్నే అడుగుతారు. ఒంట్లో ఇప్పుడు ఎక్కడ బాగుందని అడుగుతారు. బాధ ఎక్కడని అడగడం అలవాటైన మనకు ఇది వింతగానే ఉంటుంది. చాలామంది "ఎక్కడా బాగాలేదు" అంటారు, తర్వాత కాసేపు ఆలోచించి, పాదాలు చాప మీద చల్లగా ఉన్నాయి, అంతే అంటారు. ఆ పాదాలు చాలు. అక్కడి నుంచి దృష్టిని భుజాల బిగువు మీదికి కొన్ని క్షణాలు తీసుకెళ్లి, అది పెరగకముందే మళ్లీ పాదాల దగ్గరికి తెస్తారు. ఊయల అటూ ఇటూ ఊగినట్టు ఇదే పని. కొన్ని వారాలు పోయాక తలుపు ప్రస్తావన వస్తుంది. అప్పుడు కూడా కథంతా చెప్పించరు. "చేతులు ఇప్పుడు ఏం చేయాలనుకుంటున్నాయి?" అని అడుగుతారు. మీ వేళ్లు కొద్దిగా వంగవచ్చు, మోచేతులు పక్కటెముకలకు దగ్గరగా రావచ్చు. ఒక దిండునో గోడనో ఆనించి ఆ తోపును నెమ్మదిగా, మీ ఇష్టప్రకారం పూర్తిచేయనిస్తారు, తర్వాత అంతే నెమ్మదిగా వదలనిస్తారు. మీ విషయంలో ఎక్కువ సమయం పట్టేది తోయడం దగ్గర కాదు, వదలడం దగ్గర.

మీరు ఆరుసార్లు మాట్లాడివచ్చి ఆరుసార్లూ మంచం పట్టారంటే, మీరు బలహీనులని కాదు, మోతాదు ఎక్కువైందని అర్థం. వానలు ముంచెత్తినప్పుడు మేఘాద్రిగెడ్డ జలాశయం గేట్లన్నీ ఒక్కసారిగా ఎత్తేస్తే దిగువన ఉన్న కాలనీల గతేమిటో మనకు తెలుసు. ఒక గేటు, అదీ కొద్దిగా, దిగువన నీళ్లు ఇంకేదాకా ఆగి, మళ్లీ కొద్దిగా. చికిత్స సరైన మోతాదులో ఉంటే, ఆ సాయంత్రం కొంచెం అలసటగా ఉండవచ్చు, మర్నాడు పాఠం చెప్పడానికి మాత్రం వెళ్లగలగాలి. మీ కౌన్సెలరును మార్చమని నేను చెప్పడం లేదు. ఈ కొలబద్ద ఆవిడ ముందు పెట్టండి. వినే మనిషైతే వేగం తగ్గిస్తారు.

యోగా గురించి కూడా అపోహ ఒకటి తొలగాలి. 2025 జూన్ 21న మన బీచ్ రోడ్డు మీద ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా మూడు లక్షల మందికి పైగా ఆసనాలు వేశాక, ఈ ఊళ్లో ఎవరికి ఏ బాధ ఉన్నా యోగాకు వెళ్లమని చెప్పడం మామూలైపోయింది. యోగాలో మేలు లేకపోలేదు. అమెరికాలో ఎంతకీ తగ్గని పీటీఎస్‌డీ ఉన్న 64 మంది మహిళలతో చేసి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, పది వారాల యోగా తర్వాత ఆ బృందంలో 52 శాతం మందికి జబ్బు లక్షణాలు నిర్ధారణ స్థాయి కంటే తగ్గిపోయాయి. ఆరోగ్య పాఠాలు మాత్రమే విన్న బృందంలో అలా తగ్గింది 21 శాతం మందికే. కానీ అది మీరు వెళ్లిన తరగతి లాంటిది కాదు. అక్కడ కళ్లు మూసుకోమని బలవంతం లేదు, చెప్పకుండా వెనుక నుంచి వచ్చి వీపు మీద చెయ్యి వేసే గురువు లేడు, ఏ ఆసనమైనా మధ్యలో మానేసే స్వేచ్ఛ ఉంది. మీరు శవాసనం మానేయండి. ఊపిరిని వేగంగా ఆడించే కపాలభాతి, భస్త్రిక, ఊపిరి బిగబట్టే కుంభకం కూడా ప్రస్తుతానికి వద్దు. అవి గుండె దడనూ తల తిమ్మిరినీ తెచ్చి, మీ ఒంటికి పాత మధ్యాహ్నాన్ని గుర్తుచేస్తాయి. నిలబడి, కళ్లు తెరిచి, కిటికీ కనిపించేలా వేసే ఆసనాలు చాలు. ఊపిరి విషయంలో ఒక్కటే చూసుకోండి: పీల్చినదానికంటే వదిలింది కొంచెం పొడుగ్గా ఉండాలి. ఊపిరి వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండెకు వచ్చే వేగస్ నాడి దాని వేగాన్ని కాస్త తగ్గిస్తుంది; మణికట్టు మీద వేలు పెట్టి చూసుకుంటే ఆ తేడా మీకే తెలియవచ్చు.

ఆ శిబిరానికి వెళ్లవద్దు. మాత్రలు మానేసి రమ్మన్న ఒక్క మాట చాలు, వాళ్ల సంగతి తేల్చడానికి. ఇలాంటి మాత్రలు ఉన్నపళంగా ఆపితే నిద్ర చెడడం, తల తిరగడం, ఆందోళన పెరగడం జరగవచ్చు. తగ్గించాలన్నా ఆపాలన్నా అది రాసిన సైకియాట్రిస్టే, కొద్దికొద్దిగా చేయాలి. పైగా రెండు రోజుల్లో పదిమంది మధ్య కేకలు పెట్టించి, ఆదివారం సాయంత్రం బస్సెక్కించి పంపేసేవాళ్లు, సోమవారం రాత్రి మీకు ఊపిరాడకపోతే ఫోను ఎత్తుతారా? ముందే డబ్బు కట్టి ఉంటే అడిగి చూడండి, రాకపోతే పోయిందనుకోండి.

మరి ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఈ చికిత్సల పేర్లు బోర్డు మీద రాసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కాబట్టి, పేరు చూసి కాక అర్హత చూసి వెళ్లాలి. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే భారత పునరావాస మండలిలో నమోదు ఉండాలి. నమోదు సంఖ్య అడగడం అమర్యాద కాదు, చిరాకు పడేవారైతే లేచి వచ్చేయండి. అలాంటివారు ఒంటి పద్ధతుల్లో కూడా శిక్షణ పొంది ఉంటే అంతకంటే మంచిది లేదు. తాకవలసి వస్తే ముందుగా అడుగుతారా, వద్దంటే మానుకుంటారా అన్నది మొదటి రోజే తేల్చుకోండి. ఖర్చు భారమైతే వాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల, కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) ఉన్నాయి. ఆ మానసిక వైద్యశాల పేరు మన ఊళ్లో వెటకారానికి వాడటం అలవాటైపోయి, అవసరమైనవాళ్లు కూడా గేటు దాటడానికి సిగ్గుపడుతున్నారు, మీరు పడకండి. అర్ధరాత్రి భరించలేనట్టు అనిపిస్తే, ముఖ్యంగా బతకడం ఎందుకన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే, 14416కు ఫోను చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ సేవ అది. ఏ వేళలోనైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు తీసుకోరు.

ఈలోగా ఇంట్లో చేసుకోదగ్గది ఒకటి చెబుతాను. పగటిపూట, ఇంట్లో మనుషులు ఉన్నప్పుడు చేయండి. ఒక గట్టి గోడకు మూరెడు దూరంలో నిలబడి, చెప్పులు విడిచి, పాదాలు కొంచెం ఎడంగా పెట్టండి. ముందు గదంతా ఒకసారి కళ్లతో చూడండి, తొందర లేకుండా: క్యాలెండరు, పాప బొమ్మలు, ఆరేసిన తువ్వాలు. తర్వాత రెండు అరచేతులు భుజాల ఎత్తున గోడకు ఆనించండి. సున్నం చల్లదనం తెలియనివ్వండి. ఊపిరి వదులుతూ గోడను తోయండి, మొత్తం బలంతో కాదు, సగం బలంతో. మడమలు నేలను తన్నిపెట్టడం, పొట్ట బిగియడం, భుజాల వెనుక కండరాలు లేవడం గమనించండి. నాలుగైదు క్షణాలు చాలు. ఇప్పుడు అసలు పని. చేతులు ఒక్కసారిగా తీయకండి. బలం కొంచెం తగ్గించండి, ఆగండి, గదిని చూడండి. ఇంకొంచెం తగ్గించండి, మళ్లీ ఆగండి. చివరికి వేళ్ల కొనలు మాత్రమే గోడను తాకుతూ ఉంటాయి. అక్కడ గుండె దడ మొదలైతే మీరు ఓడిపోయినట్టు కాదు, ఆ పూటకు అక్కడికి చాలని అర్థం. వేళ్లు అలాగే ఆనించి ఉంచి, పాపను పిలవండి, ఏదైనా మాట్లాడండి. పూర్తిగా చేతులు దించగలిగిన రోజున వెనక్కి తిరిగి గది మధ్యలోకి నడవండి. రోజుకు ఒకసారి, రెండు నిమిషాలకు మించవద్దు. కళ్లు తిరిగినా, చుట్టూ ఉన్నది నిజం కానట్టు తోచినా, ఆ రోజు గుర్తుకొచ్చి ఆగకపోయినా ఆపేసి, ముఖం కడుక్కుని, చికిత్సకులు దొరికేదాకా దాని జోలికి వెళ్లకండి.

నిశ్శబ్దం విషయంలో కూడా ఇదే పద్ధతి. పాప నిద్రపోయాక ఫ్యాన్ చప్పుడో రేడియోనో ఉంచుకోవడం తప్పేమీ కాదు. వారానికి ఒకసారి రేడియో శబ్దాన్ని కాస్త తగ్గించి చూడండి. పూర్తి నిశ్శబ్దం మీద ఇప్పుడే పంతానికి పోవలసిన పని లేదు.

అమ్మగారితో సింహాచలం వెళ్లండి. దడుపు పోతుందో లేదో వాదించుకోకండి. మెట్లదారిన వెళ్లగలిగితే ఇంకా మంచిది. కాళ్లు పనిచేస్తూ, ఊపిరి ఆడుతూ, చుట్టూ జనం కదులుతూ ఉండగా ఎక్కడం మీలాంటివారికి సాయపడే పనే. చికిత్స మానేసి రమ్మని అప్పన్న ఎవరికీ చెప్పలేదు, ఆ సంగతి మాత్రం అమ్మగారికి నచ్చజెప్పండి.

మీవారు అంటున్న పదకొండేళ్ల మాటకు జవాబు ఉంది. భయానకమైన సంఘటన తర్వాత లక్షణాలు ఆలస్యంగా పైకి రావడం వైద్యులు ఎప్పటి నుంచో గుర్తించిన విషయమే. నాన్న ఉన్నంతకాలం ఆ చెయ్యి ఎత్తలేకపోయినా మనిషి కళ్లెదుట తిరుగుతూ, బతికి బయటపడ్డామన్నదానికి సాక్షిగా ఉన్నారు. ఆయన పోయాక కాపలా అంతా మీ ఒక్కరి మీద పడింది. మీది పీటీఎస్‌డీయా, దుఃఖమా, రెండూ కలిసి ఉన్నాయా అన్నది మీ సైకియాట్రిస్టు చూసి చెప్పవలసిందే, ఉత్తరం చదివి నేను చెప్పేది కాదు. ఈ పేరా మాత్రం మీవారి చేత చదివించండి. భయపడవద్దని చెప్పడం ఆయన మానేస్తే చాలు; మీరు గోడ దగ్గర నిలబడ్డ ఆ రెండు నిమిషాలు నాలుగడుగుల దూరంలో, మీకు కనిపించేలా, ఏమీ అనకుండా కూర్చోమనండి. చాలామంది భర్తలకు ఇది కష్టమైన పనే, మాట్లాడకుండా ఉండటం.

చివరగా, వచ్చే అక్టోబరు సంగతి. తుఫాను వార్తలను రోజుకు రెండుసార్లు, వాతావరణ శాఖ చెప్పినంతవరకే చూడండి. గాలి కొట్టే వీడియోలు ఫోనులో తిప్పుతూ కూర్చోకండి. ఇప్పుడు, ఎండ కాస్తున్న రోజుల్లోనే, ఒక వడ్రంగిని పిలిపించి వంటింటి తలుపు బందులు, గడియలు, చట్రం గోడకు పట్టు ఉన్నాయో లేదో మీరిద్దరూ దగ్గరుండి చూడండి. ఆ తలుపును మీ చేత్తో ఒకసారి తీసి, ఒకసారి వేసి, గడియ పెట్టి, వడ్రంగి వెళ్లాక అక్కడే టీ పెట్టుకోండి.